ఇంట్లో మసాలా దినుసులతో ఆఫ్టర్‌షేవ్ ఎలా చేసుకోవాలి

లవంగం, దాల్చినచెక్క వాసనొచ్చే ఆఫ్టర్‌షేవ్ ఇంట్లో చేసుకోవచ్చా, ఏ ఆల్కహాల్ వాడాలి, మొహం మండదా అని అడిగినవాళ్ళే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, అందుకని మొత్తం ఒకేచోట రాసేస్తున్నానండి. రాజమండ్రి, తణుకు, భీమవరం, అమలాపురం ఎక్కడున్నా పచారీ కొట్లోనూ మందుల షాపులోనూ దొరికేవాటితోనే అయిపోద్ది. కష్టం ఏమీ లేదు గానీ ఓపిక కావాలి, చెయ్యి తేలిగ్గా ఉండాలి. మసాలా ఎక్కువేస్తే మంచి వాసనొస్తదనుకోవడం దగ్గరే చాలామందికి చెడిపోతుంది.

ముందు ఒక్కమాట. బయట దేశాల్లో దీన్ని బే రమ్ అంటారు, కరీబియన్ దీవుల్లో, ముఖ్యంగా సెయింట్ థామస్‌లో పుట్టింది. అక్కడి బే చెట్టు ఆకుల్ని రమ్‌తో కలిపి తీసేవాళ్ళు. ఆ బే ఆకూ మన బిర్యానీ ఆకూ ఒకటి కాదు. వాళ్ళది ఆల్‌స్పైస్ కుటుంబం, మనది దాల్చినచెక్క కుటుంబం. కాబట్టి అచ్చం అదే వాసన రాదు, మనకి వచ్చేది మన వాసన, అదేం తక్కువది కాదు. ఆ ఘాటుకి దగ్గరగా కావాలంటే కడియం, కడియపులంక నర్సరీల్లో ఆల్‌స్పైస్ మొక్క ఉందేమో అడగండి, కుండీలోనూ బతుకుతుంది, ఆకు నలిపితే లవంగం జాజికాయ కలిసిన వాసన వస్తుంది, నాలుగైదు ఆకులు చాలు.

కావలసినవి (సుమారు 230 మి.లీ. వస్తుంది)

వోడ్కా ఒక క్వార్టర్, అంటే 180 మి.లీ. ఫ్లేవర్ లేనిది, సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది చూడండి. వైట్ రమ్ అయినా పర్లేదు.
లవంగాలు 12, దాదాపు 1 గ్రాము.
దాల్చినచెక్క 1 గ్రాము, చిటికెనవేలిలో సగం ఉండే పలచని ముక్క.
బిర్యానీ ఆకులు 4, ఎండినవి, వాసన ఉన్నవి.
మిరియాలు 8, యాలకులు 3, జాజికాయ చిన్న పలుకు (బఠాణీ గింజంత).
కమలాపండు తొక్క, ఒక పండుది, పైన రంగు భాగం మాత్రమే.
వట్టివేరు చిటికెడు. మూలికల కొట్టులో దొరుకుతుంది. ఇది వేస్తే వాసన కింద ఒక చల్లని మట్టివాసన నిలబడుతుంది, నాకైతే ఇది లేకుండా చెయ్యబుద్ధి కాదు.
పన్నీరు (రోజ్ వాటర్) 60 మి.లీ., గ్లిజరిన్ 1 టీస్పూను (5 మి.లీ.), రెండూ మందుల షాపులోవే.
గాజు సీసాలు రెండు, గరాటు, పాత మెత్తటి పంచె గుడ్డ, కాఫీ ఫిల్టర్ పేపర్ లేదా మందుల షాపు దూది.

ఆల్కహాల్ విషయం, ఇది దాటేసి కిందకి వెళ్ళకండి

సర్జికల్ స్పిరిట్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. అందులో తాగకుండా ఉండటానికి వేరే కెమికల్స్ కలుపుతారు, సీసాని బట్టి అవి మారతాయి, రోజూ గీసిన చర్మం మీద రాసుకునేది కాదు అది. చెక్క పాలిష్‌కి వాడే స్పిరిట్ అసలు ఇంట్లోకే తేవద్దు, అందులో మిథనాల్ ఉండొచ్చు, అది చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. శానిటైజర్ కూడా వద్దు.

నాటుసారా మాట ఎత్తకండి, అందులో ఏముందో కాచినవాడికే తెలీదు, పైగా నేరం. వోడ్కాని ఇంట్లో మళ్ళీ బట్టీ పెట్టి ఘాటు పెంచుదామనే ఆలోచన కూడా అంతే, చట్టమూ ఒప్పుకోదు, ఇల్లూ అంటుకుంటుంది. మన దగ్గర కల్లుకి లోటు లేదు కదా దాంతో చేస్తే అని ఒకాయన అడిగారు, కల్లులో ఆల్కహాల్ చాలా తక్కువ, పైగా సీసాలో పులుస్తూనే ఉంటుంది, మూత ఎగిరిపోద్ది.

డార్క్ రమ్ వాసన బాగుంటుంది నిజమే. కానీ కొన్నిట్లో రంగుకీ తీపికీ ఏదో ఒకటి కలుపుతారు. కొన్న సీసాలోంచి రెండు చుక్కలు స్టీలు పళ్ళెం మీద వేసి ఆరనివ్వండి, ఆరాక వేలితో తాకితే జిగురు తగిలిందా, మొహం మీదా అదే జిగురు. తగలకపోతే వాడుకోండి, అయితే తెల్ల బనీను కాలర్ మీద మరకలకి సిద్ధపడండి.

ఎలా చేయాలి

1. సీసా సబ్బుతో కడిగి, మరిగిన నీళ్ళు కొద్దికొద్దిగా పోసి తిప్పి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. కాఫీ పొడి వచ్చే గాజు సీసా చక్కగా సరిపోతుంది. ఆవకాయ పెట్టిన జాడీ మాత్రం వద్దు, ఎన్నిసార్లు కడిగినా ఆవ వాసన పోదు. ప్లాస్టిక్ డబ్బా కూడా వద్దు, లవంగం నూనెకి ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

2. దినుసుల్ని కడగకండి, పొడి గుడ్డతో తుడవండి. లవంగాలు, మిరియాలు, యాలకులు రోట్లో వేసి ఒక్క దెబ్బ వెయ్యండి, చిట్లితే చాలు. మిక్సీలో వేసి పొడి చెయ్యొద్దు, పొడి చేస్తే ఘాటు అంతా ఒక్కసారే దిగుతుంది, తర్వాత ఎన్ని గుడ్డల్లో వడకట్టినా అడుగున మడ్డి మిగులుతుంది. బిర్యానీ ఆకుల్ని చేత్తో తుంపండి, తుంపినప్పుడు వాసన రాకపోతే ఆ ఆకు పాతది, వేసి లాభం లేదు.

3. కమలా తొక్కని పలచగా చెక్కుకుని లోపలి తెల్లభాగం గీకేసి నీడలో రెండ్రోజులు ఎండబెట్టండి. ఇక్కడ జాగ్రత్త. నిమ్మతొక్క, దబ్బకాయ తొక్క వెయ్యకండి. పులిహోరకి దబ్బకాయ మించింది లేదు గానీ మొహానికి కాదు. ఆ తొక్కల నూనెలో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే పదార్థాలుంటాయి, రాసుకుని పొలం గట్టునో బండి మీదో తిరిగితే నల్లమచ్చలు పడతాయి, కొందరికి బొబ్బలు కూడా, ఆ మచ్చలు నెలల తరబడి పోవు. మన ఎండలకి ఈ రిస్కు అవసరమా చెప్పండి.

4. లవంగాలు, దాల్చినచెక్క రెండూ కలిపి చిన్న గుడ్డలో మూటకట్టి, దారం చివర బయటికి వచ్చేలా సీసాలో వెయ్యండి. మిగతావన్నీ విడిగానే. మూట ఎందుకంటే ఈ రెండిటి ఘాటూ మిగతావాటికంటే ముందు దిగుతుంది, మండించేవి కూడా ఎక్కువగా ఇవే, కాబట్టి కావలసినప్పుడు వీటిని మాత్రం తీసెయ్యగలగాలి. లవంగం బరువులో 15 నుంచి 20 శాతం నూనే ఉంటుంది, ఒక గ్రాము అంటే తక్కువ అనిపిస్తుంది గానీ ఈ 230 మి.లీ.కి అది చాలు.

5. వోడ్కా మొత్తం పొయ్యండి. దినుసులన్నీ మునగాలి. తొక్క పైకి తేలితే ఆ తేలిన భాగం నల్లబడి వాసన మారుతుంది, చెంచాతో కిందకి నొక్కండి. మూత గట్టిగా పెట్టి, సీసా మీద తారీఖు, ఏమేం వేశారో రాసి అంటించండి.

6. చీకటిగా, చల్లగా ఉండేచోట పెట్టండి, బీరువా కింది అర బాగుంటుంది. వంటింటి గట్టు మీద వద్దు, దేవుడి గూటి దగ్గర దీపం పక్కన అసలు వద్దు. 40 శాతం ఆల్కహాల్ ఆవిరి 26 డిగ్రీల దగ్గరే మంట అందుకుంటుంది, మనకి ఎండాకాలం మధ్యాహ్నం 40 దాటుతుంది, అంటే మూత తీసిన సీసా పక్కన అగ్గిపుల్ల గియ్యడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. తొందరగా దిగుతుందని వేణ్ణీళ్ళలో పెట్టి, గ్యాస్ మీద పెట్టి వేడిచేసే పద్ధతులు ఎవరైనా చెప్తే వినొద్దు.

రోజుకోసారి సీసా ఊపండి. మూడో రోజు నుంచి రోజూ వాసన చూడాలి, ఎలాగంటే సీసాలో ముక్కు పెట్టి కాదు, అలా చూస్తే ఆల్కహాల్ తప్ప ఏమీ తెలీదు. తెల్లకాగితం ముక్క ముంచి తీసి పది నిమిషాలు ఆగి అప్పుడు వాసన చూడండి. లవంగం మిగతావాటిని మింగేస్తున్నట్టు, పంటి డాక్టర్ గదిలో ఉన్నట్టు అనిపిస్తే ఆ రోజే మూట తీసెయ్యండి. మామూలుగా నాలుగైదు రోజుల్లో తీసెయ్యాల్సి వస్తుంది. మిగతావి పది నుంచి పద్నాలుగు రోజులు ఉండనివ్వండి. నెల ఉంచితే ఇంకా బాగుంటుందనేం లేదు, చేదు వగరు దిగుతాయి, రంగు ముదురుతుంది.

7. వడకట్టడం. ముందు పంచె గుడ్డలో వడపోసి పిండండి, మరీ గట్టిగా పిండొద్దు. తర్వాత ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే చల్లగా ఉండగానే ఫిల్టర్ పేపర్ లోంచో, గరాటులో దూది కూరి దాంట్లోంచో మళ్ళీ వడకట్టండి. చల్లబడితే మైనం లాంటివి పేరుకుంటాయి, అవి అక్కడే ఆగిపోతాయి. నెమ్మదిగా చుక్కచుక్కగా దిగుతుంది, దిగనివ్వండి. దినుసులు కొంత పీల్చేస్తాయి కాబట్టి 160, 165 మి.లీ. చేతికొస్తుంది.

8. ఇప్పుడు గ్లిజరిన్ వేసి కలపండి, తర్వాత పన్నీరు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. ఒక్కసారి తెల్లగా పాలిపోయినట్టు మబ్బు కమ్మితే కంగారు పడకండి, నీరు ఎక్కువయ్యేసరికి ఆల్కహాల్‌లో కరిగిన నూనెలు విడివడుతున్నాయన్నమాట. రెండ్రోజులు ఆగి మళ్ళీ వడకట్టుకుంటే చాలావరకు తేటబడుతుంది. కొంచెం మబ్బు మిగిలినా తప్పు లేదు, వాడేముందు ఊపుకోండి. పైన నూనె చుక్కలు తేలుతుంటే మాత్రం అలాగే వాడొద్దు, ఆ చుక్క నేరుగా మొహానికి తగిలితే మంట పుడుతుంది, దూదితో తీసేసి మళ్ళీ వడకట్టండి.

ఈ లెక్కలో ఆల్కహాల్ చివరికి 30 శాతం దగ్గర ఉంటుంది. మంట తగ్గాలని పన్నీరు పెంచేవాళ్ళు 100 మి.లీ. దాటకండి. 20 శాతం కంటే దిగిపోతే అది చెడిపోకుండా ఆగదు, మన ఉక్కపోతలో ఇంకా త్వరగా బూజు పడుతుంది.

9. మూతపెట్టి వారం ఉంచండి. ఈ వారంలో స్పిరిట్ వాసన వెనక్కి తగ్గి అన్నీ కలిసిపోతాయి. ఆత్రంగా మొదటి రోజే రాసుకుని బాలేదని పారబోసేవాళ్ళున్నారు, ఆగితే అదే బాగుండేది.

10. మొహానికి రాసేముందు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్ళంత మేర రాసి కడగకుండా వదిలెయ్యండి. మర్నాడు పొద్దున్న చూసి బాగానే ఉందనుకుంటే సరిపోదు, మసాలాల అలర్జీ ఒక్కోసారి రెండో రోజు, మూడో రోజు బయటపడుతుంది. మూడు రోజులు రోజూ అదేచోట రాసి చూడండి. దురద, ఎర్రదనం, చిన్న పొక్కులు ఏదొచ్చినా ఆ సీసా మీకు కాదు, నీళ్ళు కలిపి వాడదాం అనుకోవద్దు. దాల్చినచెక్కే ఎక్కువమందికి పడదు, వచ్చేసారి అది మానేసి చెయ్యండి. గజ్జి తామర లాంటివి ఉన్నవాళ్ళు, మొహం మీద పుండ్లు ఉన్నవాళ్ళు, పిల్లలు దీని జోలికి రావద్దు.

వాడేటప్పుడు

గీసుకున్నాక చల్లనీళ్ళతో కడిగి, సెలూన్‌లో వాడే పటిక బిళ్ళ తడిపి ఒకసారి రుద్దుకుని, నిమిషం ఆగి కడిగేసి, గుడ్డతో అద్దుకోండి. అప్పుడు అరచేతిలో అర టీస్పూను పోసుకుని రెండు చేతులకీ పాముకుని చెంపల మీద, గడ్డం కింద అద్దండి, కళ్ళకీ పెదాలకీ దూరంగా. తెగినచోట వద్దు. కొంచెం చురుక్కుమనడం మామూలే, అర నిమిషంలో పోవాలి. ఐదు నిమిషాలైనా మండుతుంటే మసాలా ఎక్కువైందని అర్థం, వెంటనే కడిగెయ్యండి.

పటికని పొడిచేసి సీసాలోనే కలిపేస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి కదా అంటారు. పటిక ఆల్కహాల్‌లో సరిగ్గా కరగదండి, కరగనిది అడుగున ఇసకలా కూర్చుంటుంది. బిళ్ళ బిళ్ళగానే వాడండి.

ఎక్కువగా ఎక్కడ చెడగొడతారంటే

లవంగ నూనె. పంటినొప్పికి అమ్మే చిన్న సీసా కొని, పదిహేను రోజులు ఎవరాగుతారని నాలుగు చుక్కలు వోడ్కాలో వేసేస్తారు. దినుసు నానబెట్టినప్పుడు దిగేదానికీ నూనె నేరుగా వేసినదానికీ చాలా తేడా, పైగా 42 శాతం ఆల్కహాల్‌లో ఆ నూనె పూర్తిగా కలవదు, పైన తేలి మొదటి వాడకంలోనే మొహానికి అంటుతుంది. దాల్చిన నూనె అయితే ఇంకా ప్రమాదం. ఆయ్, ఈ ఒక్క విషయంలో నా మాట వినండి, నూనె సీసాలు ఈ పనికి కొనొద్దు.

కొబ్బరినూనె. కోనసీమవాళ్ళం, అన్నిట్లోనూ వెయ్యాలనిపిస్తుంది, తెలుసు. ఇందులో కలవదు, ఎంత ఊపినా పైకొచ్చేస్తుంది. చర్మం పొడిబారితే ఆఫ్టర్‌షేవ్ ఆరాక విడిగా రెండు చుక్కలు రాసుకోండి. కలబంద గుజ్జు కూడా అంతే, పచ్చిది సీసాలో వేస్తే త్వరగా పాడవుతుంది, అప్పటికప్పుడు కోసి రాసుకుంటే మంచిది.

గ్లిజరిన్ ఎక్కువ వెయ్యడం. బయటివాళ్ళ పద్ధతులు చూసి రెండు మూడు చెంచాలు వేస్తారు, అది చలిదేశాలకి. మన గాలిలో తడి ఎక్కువ, మొహం రోజంతా జిగటగా ఉండి దుమ్మంతా అంటుకుంటుంది. ఒక టీస్పూను చాలు, ఎండాకాలం అయితే అర టీస్పూనుకి దించండి, సంక్రాంతి చలికి ఒకటిన్నర వేసుకోవచ్చు.

ఇనుప గిన్నె, తుప్పు పట్టిన మూత. కొంతమంది వగరు కోసం చిన్న కరక్కాయ ముక్క కూడా వేస్తారు, బయట దేశాల్లో ఇదే పనికి వాడే విచ్ హేజెల్ అనే మొక్క రసం బదులు. మంచిదే, చర్మం బిగుతుగా అనిపిస్తుంది, రెండు బియ్యపుగింజలంత పలుకు చాలు. కానీ కరక్కాయ వగరుకి ఇనుము తగిలితే సిరా రంగుకి తిరుగుతుంది. గాజు, స్టీలు మాత్రమే వాడండి, మూత లోపల ప్లాస్టిక్ పొర ఉన్నదే చూసుకోండి.

చల్లదనం కావాలంటే పిప్పరమెంటు పువ్వు కందిగింజంత పలుకులు మూడు నాలుగు, పన్నీరు కలపకముందే వెయ్యండి, ఆల్కహాల్‌లో ఇట్టే కరుగుతుంది, నీళ్ళు కలిపాక వేస్తే సరిగ్గా కరగదు. అర గ్రాము దాటించకండి, కళ్ళు మండుతాయి. వాము పువ్వు కలపొద్దు, హారతి కర్పూరం అసలే కలపొద్దు.

బాగా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

కాగితం ముక్క ముంచి పెట్టుకుని మూడుసార్లు వాసన చూడండి. వెంటనే కమలా, యాలకులు తెలియాలి. పావుగంటకి లవంగం, ఆకు. రెండు మూడు గంటలకి వట్టివేరు, జాజికాయ లీలగా మిగలాలి. మొదటినుంచీ చివరిదాకా లవంగం ఒక్కటే వస్తే వచ్చేసారి 8కి తగ్గించండి, మూట మూడో రోజే తీసెయ్యండి. అరగంటకే ఏమీ మిగలకపోతే వట్టివేరు పెంచండి, లవంగం కాదు. చేదుమందు వాసనొస్తే తొక్క తెల్లభాగం సరిగ్గా గీకలేదని అర్థం.

రంగు పలచటి టీ డికాషన్‌లా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. తెల్ల గుడ్డ మీద ఒక చుక్క వేసి ఆరాక చూడండి, పచ్చటి మరక గట్టిగా పడితే ఇంకోసారి వడకట్టండి, లేదా చొక్కా వేసుకునేముందే రాసుకుని ఆరనివ్వండి.

చెడిపోయిందని ఎలా తెలుస్తుందంటే పులిసిన వాసన, పైన తెట్టు, నూలుపోగుల్లాంటి తీగలు. వీటిలో ఏది కనపడినా వడకట్టి వాడదామనుకోకండి, పారబోసి సీసా మరిగించి కడగండి. ఎక్కువసార్లు దీనికి కారణం పన్నీరే. ఇంట్లో గులాబీ రేకులు ఉడికించి చేసిన నీళ్ళు ఇందులో పోస్తే నిలవుండదు, షాపులో సీలు ఉన్న సీసానే కొని, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఆరు నెలల్లో అయిపోయేంతే చేసుకోండి. బావగారికో తమ్ముడికో ఇస్తే ముందు వాళ్ళ మోచేతి మీద పరీక్ష చెయ్యమని చెప్పి మరీ ఇవ్వండి, మీకు పడిందని వాళ్ళకి పడాలని లేదు. బాగుంది కదా అని అమ్మకానికి మాత్రం పెట్టొద్దు, అమ్మేందుకు కాస్మెటిక్ తయారుచెయ్యాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు తీసుకోవాలి.

సీసా మీద పెద్దక్షరాలతో "తాగకూడదు, మొహానికి మాత్రమే" అని రాసి, తయారైన తారీఖు వేసి, పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి. మందు సీసాలో, మంచినీళ్ళ సీసాలో ఎప్పుడూ పొయ్యకండి, రంగు చూసి ఎవరో ఒకరు తాగేస్తారు.